మాన్యువల్ చదివే విద్య

సంగీతానికి గురువు కావాలి, వైద్యానికి కళాశాల కావాలి; సాఫ్ట్‌వేర్‌కు మాత్రం దానితోపాటు వచ్చిన మాన్యువల్ చాలునన్న అభిప్రాయం లోకంలో స్థిరపడింది. ఆ నమ్మకంతో పుస్తకం తెరిచినవారిలో చాలామంది నలభయ్యో పుట దాటకముందే దానిని మూసివేస్తారు. కొందరు తమ బుద్ధిని నిందించుకుంటారు, మరికొందరు గ్రంథకర్తను నిందిస్తారు. సాధారణంగా దోషం ఇద్దరిలోనూ ఉండదు. చేతిలో ఉన్నది ఏ జాతి గ్రంథమో, అది తనను ఏ రీతిగా చదవమని కోరుతున్నదో గుర్తించకపోవడమే అసలు చిక్కు.

ఇందుకు 'టెక్' అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ చక్కని ఉదాహరణ. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం చదవడానికి విదేశాలకు వెళ్ళిన తెలుగు విద్యార్థులు ఎందరో తమ సిద్ధాంతవ్యాసాలను దీనితోనే కూర్చుకున్నారు. తరగతిలో నేర్చుకున్నవారికంటె రాత్రివేళ ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నవారే ఎక్కువ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ నూత్ తన గ్రంథం రెండవ సంపుటపు కొత్త ముద్రణకు వచ్చిన అచ్చు ప్రతులను చూసి, ఆ అక్షరాల తీరు నచ్చక, 1977లో దీని నిర్మాణానికి పూనుకున్నాడు. దానిని వివరిస్తూ 1984లో 'ది టెక్ బుక్' ప్రచురించాడు. అందులో మొదటి అధ్యాయం కేవలం పేరు గురించే. చివరి అక్షరం ఆంగ్లపు ఎక్స్ కాదు, గ్రీకు అక్షరం. దానిని సరిగా పలికితే కంప్యూటర్ తెర కొంచెం తడుస్తుందని గ్రంథకర్త చమత్కారం. పని తొందరలో ఉన్నవాడికి ఇది విసుగు కలిగించవచ్చు. కాని ఈ పుస్తకం తీరిక కోరుతుందన్న సూచన అక్కడే ఉంది.

ఆ సూచన పేరాల అంచున మరింత స్పష్టంగా కనిపిస్తుంది. రోడ్డు మీద ప్రమాదకరమైన మలుపును తెలిపే గుర్తువంటి బొమ్మ కొన్ని పేరాల పక్కన ముద్రించి ఉంటుంది. మొదటిసారి చదివేవారు ఆ పేరాలను వదిలిపెట్టి సాగిపోవాలని దాని భావం. రెండు గుర్తులున్న పేరాలు ఇంకా లోతైనవి. ఈ హెచ్చరికను లెక్కచేయక మొదటి పుట నుంచి ప్రతి పంక్తినీ అర్థం చేసుకుంటూ పోవాలని పట్టుబట్టినవారే తరచుగా మధ్యలో ఆగిపోతారు. శ్రద్ధాళువులకే ఈ ఆపద ఎక్కువ. బడిలో వదిలిపెట్టకుండా చదవడమే సుగుణమని నేర్చుకున్నవారికి, వదలడం కూడా చదువులో భాగమని ఒప్పుకోవడం కష్టం.

మరొక వింత ఉన్నది. ఈ పుస్తకం అన్ని చోట్లా పూర్తి నిజం చెప్పదని గ్రంథకర్తే పీఠికలో ప్రకటించాడు. ముందు ఒక సరళమైన నియమం చెప్పి, అది వంటబట్టిన తరువాత దాని అపవాదాలను చెబుతాడు. కనుక ముందు అధ్యాయాలకంటె వెనుకటి అధ్యాయాలు ఎక్కువ నమ్మదగినవి. అంకగణితం నేర్పేటప్పుడు మూడులోనుంచి ఐదు పోదని చెప్పి, రుణసంఖ్యలు వచ్చాక ఆ మాటను సవరించే ఉపాధ్యాయుని పద్ధతి ఇదే. ఈ సంగతి తెలియని పాఠకుడికి పుస్తకంలో పరస్పర వైరుధ్యాలు కనిపిస్తాయి.

ఆరవ అధ్యాయం అన్నిటిలోకి ముఖ్యమైనది. అక్కడ నూత్ పాఠకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చిన్న కథ ఒకటి టైపు చేయిస్తాడు. పేజీ వెడల్పును అంతకంతకు తగ్గించమని, పదాలు వరుసలో ఇమడక అంచు దాటిపోయే స్థితిని కళ్ళారా చూడమని చెబుతాడు. తరువాత బుద్ధిపూర్వకంగా తప్పులు చేయిస్తాడు. ఖాళీ స్థలం వదలమనే 'వీస్కిప్' ఆజ్ఞను 'వీషిప్' అని రాయిస్తాడు. టెక్ వెంటనే ఆగుతుంది. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే పంక్తిలో అటువంటి ఆజ్ఞ లేదని చెబుతుంది. ఆ కింద రెండు పంక్తులుంటాయి: పై పంక్తి అంతవరకు చదివిన భాగం, కింది పంక్తి ఇంకా చదవవలసిన భాగం. పై పంక్తి ఎక్కడ తెగిందో అక్కడే యంత్రానికి అనుమానం కలిగింది. అప్పుడు 'హెచ్' మీట నొక్కితే, అక్షరదోషమైతే ఎలా దిద్దాలో కూడా అదే చెబుతుంది. ఈ రెండు పంక్తుల నిర్మాణం తెలిసినవాడికి దోషసందేశం తిట్టుగా వినిపించడం మానేస్తుంది. గురువు లేనివానికి ప్రశ్న వేసిన క్షణంలో జవాబు చెప్పేది అది ఒక్కటే.

అయితే దాని మాటకూ ఒక పరిమితి ఉంది. యంత్రం చెప్పే పంక్తి సంఖ్య తప్పు పట్టుబడిన చోటుదే కాని, తప్పు జరిగిన చోటుది కానక్కరలేదు. శీర్షిక చివర ముగింపు బ్రాకెట్టు మరచిపోతే, ఆ తరువాతి మాటలన్నీ శీర్షికలోనివే అనుకుని టెక్ చదువుకుంటూ పోతుంది. పేరా ముగిసిన తరువాతగాని దానికి సందేహం కలగదు. సందేశం చూపిన పంక్తినే పదేపదే పరీక్షించేవాడికి అక్కడ ఏ దోషమూ కనిపించదు. అటువంటప్పుడు పత్రంలో సగం తీసివేసి చూడాలి. తప్పు అలాగే ఉంటే మిగిలిన దానిలో మళ్ళీ సగం తీసివేయాలి. వెయ్యి పంక్తుల పత్రమైనా పది పరీక్షలలో దోషం ఒకటి రెండు పంక్తులకు చిక్కుతుంది.

అన్ని మాన్యువల్‌లూ ఇంత ఓపికగా బోధించవు. బెల్ పరిశోధనాలయంలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీలు 1971 నవంబరులో వెలువరించిన యూనిక్స్ మాన్యువల్ మరొక జాతికి చెందినది. ఆజ్ఞ పేరు, దానిని వాడే సూత్రం, క్లుప్తమైన వివరణ, చివర అందులోని లోపాలు: ఇంతే. తమ ప్రోగ్రాంలోని లోపాలను తామే ఒక శీర్షిక కింద అచ్చువేసిన నిజాయితీ మెచ్చదగినది. కాని ఇది నేర్పే పుస్తకం కాదు, వెతుక్కునే పుస్తకం. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివి ఎవరూ తెలుగు మాట్లాడడం నేర్చుకోరు. తెలుగు వచ్చినవాడు సంధిలో సందేహం కలిగినప్పుడు దానిని తెరుస్తాడు. యూనిక్స్ కర్తలకు ఈ భేదం బాగా తెలుసు. 1979 నాటి ఏడవ కూర్పులో సూత్రప్రాయమైన పుటలను మొదటి సంపుటంలో ఉంచి, ప్రారంభకులకు ఉద్దేశించిన పాఠాలను రెండవ సంపుటంలో చేర్చారు. మొదటి సంపుటమే పాఠమనుకుని చదివినవాడికి నిరాశ తప్పదు.

చివరిగా గమనించవలసినది పుస్తకం వయస్సు. టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన 'లేటెక్' మాన్యువల్ తొలి కూర్పు 1986లోను, రెండవది 1994లోను వెలువడ్డాయి. పత్రాన్ని ప్రారంభించే ఆజ్ఞే ఈ రెంటి మధ్య మారిపోయింది. తెలుగు విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. 1990లలో తెలుగును ఆంగ్లాక్షరాలతో టైపు చేసి, ప్రత్యేకమైన అక్షరరూపాలతో టెక్‌లో కూర్చేవారు. 2004లో వచ్చిన 'జీటెక్' యూనికోడ్ తెలుగును నేరుగా చదవగలదు. నూత్ పుస్తకంలో ఈ ప్రస్తావన ఉండదు. దీనికి 'ఫాంట్‌స్పెక్', 'పాలిగ్లాసియా' అనే అనుబంధాల మాన్యువల్‌లు వేరుగా చూడాలి. పాత పత్రాలు నేటికీ అంతర్జాలంలో దొరుకుతాయి, వాటిలోని ఉదాహరణలు ఆనాటికి సరైనవే. ఒక పాత ఉదాహరణను, ఒక కొత్త ఉదాహరణను ఒకే పత్రంలో కలిపినప్పుడు వచ్చే దోషసందేశానికి ఆ రెండు మాన్యువల్‌లలో దేనిలోనూ జవాబు ఉండదు.