బట్టల సోడా : బండ దగ్గర మేలు, పాల దగ్గర చేటు



పాడి ఉన్న ఇంట ఉతుకు ఎక్కువ. పేడ ఎత్తిన చీర, గడ్డి మోసిన పంచె, పొదుగు తుడిచిన గుడ్డ, పాలు వడగట్టిన గుడ్డ అన్నీ ఏ పూటకాపూట నీళ్ళలో పడవలసినవే. సబ్బు ఖర్చు నెలనెలా కనబడుతూనే ఉంటుంది. అందువలన సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు అక్కచెల్లెళ్ళు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. బట్టల పొడి ఇంట్లో చేసుకోవచ్చునా? చేసుకుంటే ఏమైనా మిగులుతుందా? ఆ పొడితో పాల క్యాన్లు కూడా తోమవచ్చునా?

మొదటి ప్రశ్నకు జవాబు : చేసుకోవచ్చును. రెండవదానికి : మీ ఊరి ధరలతో లెక్క వేసి చెప్పవలెను. మూడవదానికి : కూడదు. ఈ మూడు జవాబులకు కారణాలు వివరించటమే ఈ పాఠం ఉద్దేశం.

1. సబ్బు పని, సోడా పని

బట్టకు పట్టిన మురికిలో సగం జిడ్డు. జిడ్డు ఒట్టి నీళ్ళకు లొంగదు. సబ్బు ఒక ప్రక్క జిడ్డును, మరొక ప్రక్క నీటిని పట్టుకొని మురికిని బట్ట నుండి విడదీస్తుంది. అయితే బోరు నీళ్ళు చాలా ఊళ్ళలో సున్నపు లవణాలు కలిగిన కఠిన జలం. పప్పు ఉడకని నీళ్ళంటే అందరికీ తెలుస్తుంది. ఆ నీళ్ళలో వేసిన సబ్బు ముందు సున్నంతో కలిసి తెల్లని తెట్టుగా విరిగిపోతుంది. సున్నం తీరిన తరువాతనే నురగ వస్తుంది. ఆ తెట్టు బట్టలకు పట్టి అవి బిరుసెక్కి, మాసిన రంగుకు తిరుగుతాయి.

ఇక్కడ సోడా అక్కరకు వస్తుంది. సోడా నీటిలోని సున్నాన్ని పొడిగా విరిచి అడుగుకు దింపుతుంది. జిడ్డును కూడా కొంత వదులు చేస్తుంది. అప్పుడు సబ్బు వృథా కాదు. ఇది కొత్త సంగతి కాదు. వెనుకటి రోజులలో రజకులు చౌడు మట్టి తెచ్చి, ఆ నీళ్ళలో బట్టలు తడిపి ఉబ్బకు వేసేవారు. చౌడులో ఉన్నది ముఖ్యంగా ఈ సోడాయే.

ఇంటి పెరటిలో బట్టల పొడి కలపటం కూడా కొత్త కాదు. 1969లో గుజరాత్ ప్రభుత్వ ఉద్యోగి కర్సన్‌భాయ్ పటేల్ అహ్మదాబాదులో తన ఇంటి దగ్గరే పొడి కలిపి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అమ్మినారు. అదే నిర్మా. ఆ పొడి ఇక్కడ చెప్పబోయే సబ్బు పొడి కాదు, డిటర్జెంటు. కాని అందులోనూ సోడాకు పెద్ద వాటా ఉన్నది.

2. ఏ సోడా?

సోడా అన్న పేరుతో అంగడిలో మూడు సరుకులు దొరుకుతాయి. వీటిని తెలిసి కొనవలెను.

వంట సోడా : సోడియం బైకార్బొనేటు. ఉతుకుకు బలం చాలదు.

బట్టల సోడా : సోడియం కార్బొనేటు. మనకు కావలసినది ఇదే. ఇది పొడిగానూ, పలుకులుగానూ దొరుకుతుంది. పలుకుల సోడా బరువులో దాదాపు 63 శాతం నీరే ఉంటుంది. కాబట్టి 1 కిలో పొడి సోడా చేసే పని చేయటానికి పలుకుల సోడా సుమారు 2 కిలోల 700 గ్రాములు కావలెను. ధర అడిగేటప్పుడు ఇది మరువరాదు.

కాస్టిక్ సోడా : సోడియం హైడ్రాక్సైడు. ఇది చర్మాన్ని, కంటిని కాల్చివేస్తుంది. ఇంటి పొడిలో దీనికి చోటు లేదు. పొరపాటున మీద పడితే ధారగా నీళ్ళు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్ళవలెను. పిల్లలు మ్రింగితే వాంతి చేయించరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను.

కొందరు వెలిగారం కూడా కలుపుతారు. పాడి ఇంట్లో అది వద్దని మా సలహా. వెలిగారం ఆహారంలో కలపకూడని వస్తువు. పాల పాత్రలు ఉన్న చోటికి దానిని రానివ్వకపోవటమే మేలు. అలాగే పట్నాలలో యాసిడ్ స్లర్రీ అమ్మి, దానితో పొడి చేసుకోమని చెబుతారు. అది ఘాటైన ఆమ్లం. సోడాతో కలిసినప్పుడు వేడెక్కి పొంగుతుంది. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, తర్ఫీదు లేని ఇంట దాని జోలికి పోరాదు.

3. తయారు చేసే పద్ధతి

కావలసినవి : నూనెతో చేసిన బార్ సబ్బు అర కిలో, పొడి రూపంలోని బట్టల సోడా 1 కిలో. కొనేటప్పుడు అడిగి నూనె సబ్బే తీసుకొనవలెను. డిటర్జెంటు బిళ్ళ దీనికి పనికిరాదు.

సబ్బును కొబ్బరి తురుముకున్నట్లు సన్నగా తురిమి, పాత కాగితాల మీద రెండు రోజులు నీడన ఆరబెట్టవలెను. తడి ఉంటే పొడి గడ్డ కడుతుంది. ఆరిన తురుమును చేతితో నలిపి, సోడా కొంచెం కొంచెంగా చేర్చి, పొడి కర్రతో కలిపి జల్లించవలెను. సోడా దుమ్ము ముక్కుకు, కళ్ళకు మంట కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలి ఎదురు లేని చోట కూర్చొనవలెను. తురుము పీటను మళ్ళీ వంటకు వాడరాదు.

తయారైన ఒకటిన్నర కిలో పొడిని గట్టి మూత గల డబ్బాలో పోసి, పైన "బట్టల పొడి" అని పెద్ద అక్షరాలతో వ్రాసి అంటించవలెను. ఉప్పు, పంచదార డబ్బాల వరుసలోనూ, దాణా దగ్గరా పెట్టరాదు. పిల్లల చేతికి అందరాదు.

4. ఉతికే పద్ధతి

సుమారు 15 లీటర్లు పట్టే బక్కెట్టుకు 30 గ్రాములు, అనగా రెండు పెద్ద చెంచాల పొడి చాలును. బోరు నీళ్ళు మరీ కఠినమైనవైతే ముందుగా ఒక చెంచా ఒట్టి సోడా కలిపి పది నిమిషాలు ఆగి, తరువాత పొడి వేయవలెను. ఈ పది నిమిషాల ఓపికతో సబ్బు మిగులుతుంది.

పాలు, రక్తం అంటిన బట్టను ముందుగా చన్నీళ్ళలోనే జాడించవలెను. వేడినీళ్ళు పోస్తే వాటిలోని మాంసకృత్తులు ఉడికి పోగులలో గట్టిపడతాయి. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలరాదు, పోగు చెడుతుంది. వాటికి కుంకుడు రసమే తగినది. గింజ తీసిన కుంకుడు పెంకులు 100 గ్రాములు లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ప్రొద్దున 20 నిమిషాలు కాచి, పిసికి వడగట్టవలెను. ఈ రసం కఠిన జలంలో కూడా తెట్టు కట్టదు. రెండు రోజులకు మించి నిలువ ఉండదు. చేపలకు ఇది విషం కాబట్టి చెరువులో పారబోయరాదు.

సోడా నీళ్ళు పశువుల తొట్టి ప్రక్కకు, మొక్కల పాదులకు పారనివ్వరాదు. అదే పనిగా ఒకే చోట పారితే నేల చౌడు బారుతుంది.

5. మిగులు లెక్క

సబ్బు కిలో 90 రూపాయలు, సోడా కిలో 45 రూపాయలు అనుకుందాం. అర కిలో సబ్బుకు 45, కిలో సోడాకు 45, మొత్తం 90 రూపాయలు. ఒకటిన్నర కిలో పొడి వచ్చింది, అనగా కిలో 60 రూపాయలు. బక్కెట్టుకు 30 గ్రాముల చొప్పున 50 బక్కెట్లకు వస్తుంది. బక్కెట్టు ఉతుకుకు 1 రూపాయి 80 పైసలు. ఇప్పుడు మీ ఊరి అంగడిలో చౌక రకం పొడి కిలో ఎంతకు దొరుకుతున్నదో ఈ లెక్క ప్రక్కన వ్రాయండి. తేడా లేకపోతే శ్రమ పడవద్దు. చిల్లరగా కొన్న సోడాతో చాలాసార్లు మిగులు స్వల్పమే. పది, పదిహేను మంది కలిసి సోడా బస్తాగా కొని తూకం ప్రకారం పంచుకుంటే తేడా కనబడుతుంది. బిల్లు, పంపకం పట్టీ వ్రాసి ఉంచుకొనవలెను. పొత్తు నిలిచేది లెక్క మీదనే.

6. వడగట్టే గుడ్డ

పాలు పులిసినవని ఫిర్యాదు వచ్చిన సంఘానికి వెళ్ళినప్పుడు మేము మొదట చూపించమని అడిగేది వడగట్టే గుడ్డను. పశువు మంచిదే, మేత మంచిదే, గుడ్డ మాత్రం నిన్నటి పాల వాసన వేస్తూ ఉంటుంది. ఆ పోగులలో పెరిగిన సూక్ష్మజీవుల మీదుగానే నేటి పాలన్నీ దిగుతాయి.

ఈ గుడ్డను పాలు వడగట్టిన వెంటనే తెల్లదనం పోయే వరకు చన్నీళ్ళలో జాడించవలెను. తరువాత గోరువెచ్చని నీటిలో కొద్ది పొడితో ఉతికి, మూడు మంచినీళ్ళలో జాడించవలెను. అటు పిమ్మట 15 నిమిషాలు మరిగించి, ఎండలో ఆరవేయవలెను. కొట్టంలో దండెం మీద ఆరవేయరాదు. రెండు గుడ్డలు ఉంటే పూటకు ఒకటి వాడవచ్చును. పొదుగు తుడిచే గుడ్డ వేరు, వడగట్టే గుడ్డ వేరు. పొదుగు గుడ్డ కూడా ఒక్కొక్క పశువుకు ఒక్కొక్కటి ఉండవలెను. ఒకే గుడ్డతో అన్నిటినీ తుడిస్తే పొదుగువాపు ఒకదాని నుండి మరొకదానికి అంటుతుంది.

గుడ్డలో సోడా మిగిలిందా అన్నది పసుపుతో తెలుసుకొనవచ్చును. పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రబడటం ప్రతి ఇంటా తెలిసినదే. సోడా తగిలినా పసుపు అలాగే ఎర్రబడుతుంది. తెల్ల కాగితానికి పసుపు ముద్ద పూసి ఆరబెట్టి ముక్కలు చేసుకొనండి. ఒక ముక్కను మామూలు నీళ్ళలో, మరొక ముక్కను చివరిసారి జాడించిన నీళ్ళలో ముంచండి. రెండవది మొదటిదాని కన్నా ఎర్రగా మారితే ఇంకొకసారి జాడించవలసి ఉన్నది. ఈ పరీక్ష జాడించిన నీటికి మాత్రమే. పాల పరీక్షకు ఇది చాలదు.

7. క్యాన్లకు ఎందుకు కూడదు?

అల్యూమినియం క్యాన్లను సోడా తింటుంది. లోపలి నునుపు పోయి సన్నని గుంటలు పడతాయి. ఆ గుంటలలో పాలు నిలిచి సూక్ష్మజీవులకు గూడు అవుతాయి. స్టీలు క్యానుకు ఈ దెబ్బ తగలకపోయినా, ఇంటి పొడిలోని సబ్బు కఠిన జలంలో తెట్టుగా మారి గోడకు పట్టుకుంటుంది. ఆ శేషం మరునాటి పాలలో కలిస్తే డిటర్జెంటు పరీక్షలో అనుమానం కలుగవచ్చును. మీరు కల్తీ చేయకపోయినా ఆ మచ్చ మీ మీద పడుతుంది.

క్యాను ఖాళీ అయిన వెంటనే చన్నీళ్ళతో తొలిపి, క్యాన్ల కొరకు తయారైన పొడిని దాని మీద వ్రాసిన కొలత ప్రకారం గోరువెచ్చని నీటిలో కలిపి బ్రష్షుతో తోమవలెను. రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగి, చివరగా మరిగిన నీళ్ళు త్రిప్పి పోసి, స్టాండు మీద బోర్లించి ఆరనివ్వవలెను. బూడిద, మట్టి, కొబ్బరి పీచు వద్దు.

8. పాలలో సోడా

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. పాలు పులుపు తిరుగుతున్నవని తెలిసి చిటికెడు సోడా వేస్తే విరగకుండా కేంద్రానికి చేరతాయని కొందరు భ్రమపడుతుంటారు. సోడా పులుపును అణచుతుంది గాని, పులుపు పుట్టించే సూక్ష్మజీవులను చంపదు. అవి పెరుగుతూనే ఉంటాయి. మరిగించి చూసే పరీక్షను దాటించినా, రోజాలిక్ ఆమ్లం పరీక్షలో దొరికిపోతుంది. 5 మిల్లీలీటర్ల పాలకు అంతే ఆల్కహాలు, కొన్ని చుక్కల రోజాలిక్ ఆమ్లం కలిపితే సోడా ఉన్న పాలు గులాబీ ఎరుపుకు తిరుగుతాయి. లేనివి గోధుమ పసుపుగానే ఉంటాయి.

40 లీటర్ల క్యానులో పది ఇళ్ళ పాలు కలుస్తాయి. ఒకరి రెండు లీటర్లలో సోడా ఉంటే తిరిగివచ్చేది క్యాను మొత్తం. పసిబిడ్డకు పాలు పట్టే తల్లి మన సంఘాన్ని నమ్మి కొంటుంది. సోడా, డిటర్జెంటు పాలలో కలపటం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్రింద నేరం కూడా. పాలు పులిస్తే ఆ పూట ఇంట్లో పెరుగుకు తోడు వేసుకొని, కారణం గుడ్డలో ఉన్నదా, క్యానులో ఉన్నదా, ఆలస్యంలో ఉన్నదా వెదకవలెను. ఒక పూట పాల ధర పోతుంది గాని పేరు నిలుస్తుంది.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన ఊరి నీళ్ళు కఠినమైనవా? సబ్బు నురగతో ఎలా తెలుసుకుంటాము?
2. ఇంటి పొడి బక్కెట్టుకు ఎంత పడింది? అంగడి పొడి ఎంత పడుతున్నది?
3. సంఘంలో ఎందరి ఇళ్ళలో వడగట్టే గుడ్డలు రెండు ఉన్నవి?
4. మన క్యాన్లలో అల్యూమినియంవి ఎన్ని? లోపల గుంటలు పడినవి ఎన్ని? వాటిని ఎప్పుడు మార్చగలము?

కార్యదర్శి గారు ఈ పాఠాన్ని సమావేశంలో చదివి వినిపించి, జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయించగలరని మనవి. తరువాత తనిఖీకి వచ్చినప్పుడు ఆ పుట మేము తప్పక చూడగలము.