ముందు సూది, తర్వాతే మందు

సుధా,

నీ మెయిల్ రాత్రి చూశాను. మెస్ కూరల గురించి రాసినవన్నీ మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆ మోకాలి సంగతి దగ్గర మాత్రం ఆగిపోయాను. షుగర్ ఉన్నావిడ, రాత్రికి రాత్రి వాచిన మోకాలు, పైగా జ్వరం. యూరిక్ యాసిడ్ ఎక్కువుందని గౌట్‌గా తేల్చి మాత్రలిచ్చారనీ, నీరు తీసి చూద్దామని అనిపించినా సీనియర్ ఎదుట నోరు మెదపలేదనీ రాశావు. అప్పట్నుంచీ నాకు అదే ధ్యాస.

యూరిక్ యాసిడ్ పెరిగినంత మాత్రాన గౌట్ కాదమ్మా. గౌట్ నొప్పి ముదిరినప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉండొచ్చు కూడా. కీలు నీటిలో స్ఫటికాలు కనబడినా చీము లేదని చెప్పలేం. రెండూ ఒకే మోకాలిలో ఉండొచ్చు. చీము పట్టిన కీలులో మృదులాస్థి రోజుల్లోనే పాడైపోతుంది, మళ్లీ మునుపటిలా రాదు. అందుకే ముందు సూది, తర్వాతే యాంటీబయాటిక్. మందు ముందు పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు ఏ క్రిమో తెలియకుండా వారాల తరబడి మందులు ఎక్కించాలి. బీపీ పడిపోతుంటే మాత్రం బ్లడ్ కల్చర్ తీసి వెంటనే మందు మొదలుపెట్టు. సూది దిగే చోట చర్మానికి ఇన్ఫెక్షన్ ఉంటే అటునుంచి వెళ్లకు. తీసిన నీటిని కణాల లెక్కకు, గ్రామ్ స్టెయిన్‌కు, కల్చర్‌కు, స్ఫటికాలకు పంపు. తెల్లకణాలు 50,000 దాటితే చీము పట్టిందనే అనుకుని నడుచుకో. తక్కువున్నా ధీమా పడకు. చీము అని తేలితే తెరిచైనా, ఆర్త్రోస్కోప్‌తోనైనా కీలు కడగాల్సిందే.

చీము పట్టింది పసిపిల్లల తుంటికైతే ఇంకా తొందర. లోపలి ఒత్తిడికి తొడ ఎముక తలకు రక్తం అందకుండా పోతుంది. చిన్నప్పుడు నువ్వు కాలు నేల మీద పెట్టనంటే మీ నాన్న రాత్రివేళ ఎత్తుకొచ్చాడు. అది దానంతటదే తగ్గే వాపే. అయినా తెల్లారేదాకా నీ మంచం పక్కనే కూర్చున్నాను.

గాయాల సంగతీ ఇంతే. మా హౌస్ సర్జన్ రోజుల్లో, నూర్పిళ్లప్పుడు, యంత్రాల్లో నలిగిన చేతులు మట్టీ గడ్డీతో సహా వచ్చేవి. కుట్లేసి మూసేద్దామని మా ఉబలాటం. మా చీఫ్ పడనిచ్చేవారు కాదు. సీసా మీద సీసా సెలైన్ పోయించేవారు. కండ రంగు చూడు, గట్టిదనం చూడు, గిల్లితే ముడుచుకుంటోందా చూడు, కోస్తే నెత్తురొస్తోందా చూడు, చచ్చిన కండ తీసెయ్ అనేవారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో సర్జన్ ట్రూయెటా చేసిందీ అదే. చచ్చిన కండ తీసి, గాయం తెరిచే ఉంచి, గాజుగుడ్డ నింపి, పైన ప్లాస్టర్ వేసేవాడు. అలా చూసిన 1,073 మందిలో పోయింది ఆరుగురే. అప్పటికి పెన్సిలిన్ ఆసుపత్రులకు రాలేదు. ఇప్పుడు మీకు వాక్యూమ్ డ్రెస్సింగ్ ఉంది, ఫ్లాప్ వేసే ప్లాస్టిక్ సర్జన్లున్నారు. కానీ చచ్చిన కండ మీద ఏ డ్రెస్సింగూ పనిచెయ్యదు. గాయం శుభ్రపడ్డాక కప్పడం మాత్రం ఆలస్యం చెయ్యకు.

అన్నట్టు, సి-ఆర్మ్ దగ్గర లెడ్ ఏప్రాన్‌తో పాటు థైరాయిడ్ కాలర్ కూడా వేసుకుంటున్నావా? ఉక్కపోతని తీసెయ్యకు తల్లీ. నైట్ డ్యూటీలో అన్నం మానకు.

మళ్లీ నా మనసు ఆ మోకాలి మీదికే పోతోంది. సీనియర్‌ని ఎదిరించమనడం లేదు. "సార్, మందుకు ముందు ఒకసారి నీరు తీసి చూడనా?" అని అడుగు. వద్దంటే కారణం అడిగి కేస్ షీట్‌లో రాయి. అలా అడగడం అమర్యాద కాదు, నీ బాధ్యత. అంతమంది మగపిల్లల మధ్య ఆర్థో సీటు తెచ్చుకున్నదానివి, నీ గొంతు ఆ వార్డులో వినపడాలి.

ఈ మెయిల్ చూడగానే ఆవిడ దగ్గరకు వెళ్లు. జ్వరం తగ్గకపోయినా, కాలు కదపలేకపోతున్నా, మీ ప్రొఫెసర్‌కు చెప్పి ఇవాళే నీరు తీయించు.

పెదనాన్న