ఇంటర్నెట్టులో సంఘము పేరు: కొనుట, నిలుపుకొనుట, అమ్ముట

మన నేత కుటుంబములలో చదువుకున్న కుర్రవాళ్లు ఈమధ్య మమ్ము తరచు అడుగుచున్న ప్రశ్న యొకటి ఉన్నది. "మావయ్యా, డొమైన్ పేర్లు కొని అట్టిపెట్టుకుంటే నాలుగేళ్లలో పదింతలు వస్తాయట, నిజమేనా?" అని. సంఘముల కార్యదర్శులు అడుగు ప్రశ్న వేరు. "మా పేరు మాకు తెలియకుండా ఇంకొకరి చేతికి పోయినది, ఏమి చేయవలెను?" అని. రెండు ప్రశ్నలకు మూలము ఒకటే గనుక, మాకు అనుభవము మీద తెలిసినంత ఇక్కడ వ్రాయుచున్నాము. ఆ అనుభవమునకు మా సంఘము చెల్లించిన ఫీజు తక్కువేమీ కాదు.

ముందుగా డొమైన్ పేరనగా ఏమో చూతము. ఇంటర్నెట్టులోని కంప్యూటర్లకు సంఖ్యలే చిరునామాలు. అన్ని సంఖ్యలు గుర్తుంచుకొనుట మనుష్యులకు సాధ్యము కాదు. అందుచేత 1983లో పాల్ మోకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు సంఖ్యలకు బదులు పేర్లు వాడుకొను పద్ధతిని రూపొందించినాడు. మనము పేరు టైపు చేయగానే దానికి చెందిన సంఖ్యను వెదకి ఇచ్చు పెద్ద చిట్టా యొకటి లోపల పని చేయుచుండును. 'డాట్ కామ్' తోకతో మొదటి పేరు, సింబాలిక్స్ డాట్ కామ్, 1985 మార్చి 15న నమోదైనది. అటుపిమ్మట పదేండ్లపాటు ఈ పేర్లకు రుసుము లేదు. 1995లో రెండేండ్లకు వంద డాలర్లు చొప్పున రుసుము పెట్టినారు. ఊరక ఇచ్చిన రోజులలో అడిగినవారు తక్కువ. రుసుము పెట్టిన తరువాతనే పరుగులు ఎక్కువైనవి. మన సంతలోను అంతే గదా.

నూలు మిల్లు, నూలు డిపో, నేతగాడు అని మనకు మూడంచెలున్నట్లే ఇందులోను మూడంచెలున్నవి. పై అంచె రిజిస్ట్రీ. డాట్ కామ్ పేర్ల చిట్టా వెరిసైన్ అను అమెరికా కంపెనీ చేతిలోను, మన దేశపు డాట్ ఇన్ పేర్ల చిట్టా నిక్సీ అను సంస్థ చేతిలోను ఉన్నది. రెండవ అంచె రిజిస్ట్రారు, అనగా చిల్లరగా మనకు పేర్లు ఇచ్చు కంపెనీ. మూడవ అంచె పేరు తీసుకొన్నవాడు. డాట్ కామ్ వంటి తోకలకు నియమములు పెట్టు ఐకాన్ అను సంస్థ 1998లో ఏర్పడినది. డాట్ ఇన్ పేర్లు 2005 నుండి సామాన్యులకు విరివిగా దొరకుచున్నవి.

'కొనుట' అను మాట వాడుకలో ఉన్నదే గాని, నిజమునకు ఇది కొనుగోలు కాదు. సంతలో అంగడి చోటు ఏడాది పాటకు తీసుకొన్నట్టిది. ఒకటి మొదలు పది సంవత్సరముల వరకు ఒకేసారి రుసుము కట్టవచ్చును. అంతకు మించి ఎవరికిని ఇవ్వరు. గడువు లోపల మరల కట్టితిమా, మనదే. కట్టలేదా, నిన్నటివరకు మన పేరైనను రేపు ఎవరైనను తీసుకొనవచ్చును. దానిని తీసుకొన్నవాడు దొంగ కాడు. ఇది మన పెద్దలకు మింగుడుపడని సంగతి.

మాకును మింగుడుపడలేదు. మేము బరంపురములోని ఒక చిన్న పట్టు సహకార సంఘము వారము. 2016లో మా సభ్యుని కుమారుడొకడు సంఘమునకు వెబ్‌సైటు చేసి ఇచ్చినాడు. మంచి కుర్రవాడు, కూలి కూడ తీసుకొనలేదు. ఐదేండ్లకు రుసుము కట్టి, డాట్ కామ్ పేరును తన పేరనే, తన ఈమెయిలుతోనే నమోదు చేసినాడు. అట్లు చేయుట సులువు గనుక చేసినాడు, మేమును అడుగలేదు. ఆ పేరుతో నాలుగు వేల చీరపెట్టెలు అచ్చు వేయించినాము. తరువాత ఉద్యోగము మీద అతడు బెంగుళూరు వెళ్లినాడు. ఆ ఈమెయిలు వాడుట మానివేసినాడు.

గడువు 2021 జూనులో తీరినది. అప్పుడు కరోనా రెండవ ఉద్ధృతి. ఆఫీసు తలుపు తీసిన రోజులు తక్కువ. రావలసిన హెచ్చరికలు ఆ పాత ఈమెయిలుకు వచ్చి పడియుండును. దసరాకు ముందు కలకత్తా షాపువారు ఫోను చేసి, "మీ పేరు కొట్టితే ఏదో జూదపు ప్రకటనలు వచ్చుచున్నవి, సంఘము మూసివేసినారా?" అని అడిగినప్పుడు గాని మాకు తెలియలేదు. విచారించగా పేరు అప్పటికే వేలములో చేతులు మారినది. కొన్నవాడెవరో తెలియదు. మధ్యవర్తి కంపెనీ ద్వారా 1,800 డాలర్లు అడిగినాడు. అప్పటి మారకము ప్రకారము సుమారు లక్షా ముప్పై ఐదు వేల రూపాయలు. మాకు ఇంచుమించు ముప్పై కిలోల పట్టునూలు ఖరీదు.

కమిటీలో రెండు రోజులు వాదము జరిగినది. పెట్టెల మీద అచ్చయిన పేరు గనుక ఇచ్చివేయుదమని కొందరు. ఏడాదికి వెయ్యి రూపాయల వస్తువుకు అంత ఇచ్చి సభ్యులకు ఏమని చెప్పుదుమని కొందరు. చివరకు ఇవ్వలేదు. ఆ దసరాకు పోయిన ఆర్డర్లెన్నో మేము లెక్క కట్టలేము. షాపు మూతపడినదనుకొన్నవాడు ఫోను చేసి చెప్పడు గదా.

పెద్దవారికిని ఈ మతిమరపు తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు కంపెనీ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రుసుము కట్టుట మరచినది. క్రిస్మసు పండుగ సమయములో హాట్‌మెయిలు వాడువారు అనేకులు లోపలికి పోలేకపోయినారు. ఎవరో ఒక ప్రోగ్రామరు కారణము కనిపెట్టి, తన సొంత కార్డుతో 35 డాలర్లు కట్టి నడిపించినాడు. మనకు అటువంటి పుణ్యాత్ముడు దొరకునన్న నమ్మకము పెట్టుకొనరాదు.

గడువు తీరగానే పేరు వెంటనే పోదు. ఈ సంగతి అందరును తెలిసికొనవలెను. డాట్ కామ్ పేరైనచో రిజిస్ట్రారు సుమారు నెల ముందు ఒకసారి, వారము ముందు ఒకసారి, తీరిన తరువాత ఐదు రోజుల లోపల మరొకసారి హెచ్చరిక పంపవలెను. తీరిన తరువాత సాధారణముగా కొన్ని వారములు మామూలు రుసుముతోనే తిరిగి కట్టుకొననిత్తురు. ఇది రిజిస్ట్రారును బట్టి మారును. ఆ వెసులుబాటు ముగిసి, రిజిస్ట్రారు పేరును వదలుకొన్న పిమ్మట ముప్పై రోజుల విమోచన గడువుండును. అప్పుడు మామూలు రుసుముకు ఎన్నో రెట్లు అడుగుదురు. దాని పిమ్మట ఐదు రోజులు ఎవరికిని చిక్కదు; ఆరవనాడు అందరికిని తెరచినట్లే. అయితే కొందరు రిజిస్ట్రారులు ఇంతవరకు ఆగక, వెసులుబాటు రోజులలోనే పేరును వేలమునకు పెట్టుచున్నారు. కనుక చివరి దినము వరకు చూతమనుకొనుట ప్రమాదము. మాది ఆ వేలములోనే పోయినది.

ఇక పేరు ఎంచుకొనుట. మన భాషలలో ఒక్కటే అయిన మాట ఇంగ్లీషు అక్షరములలో నాలుగు విధములగును. మా ఊరినే చూడుడు. బర్హంపూర్ అని కొందరు, బ్రహ్మపూర్ అని కొందరు వ్రాయుదురు. పశ్చిమ బెంగాలులో ముర్షిదాబాదు జిల్లాలోను బహరంపూర్ ఉన్నది. వారును పట్టుకు పేరు పొందినవారే! 'పట్టు', 'పట్టా', 'పాట', 'పాటో' అనువానికి స్పెల్లింగు చెప్పవలసి వచ్చినప్పుడు మా గుమస్తా ఫోనులో పడు అవస్థ చూడవలసినదే. ఫోనులో ఒక్కసారి చెప్పిన పేరును అవతలివాడు తప్పులేకుండ వ్రాసికొనగలిగితే అది మంచి పేరు. నడుమ అడ్డగీతలు, అంకెలు లేకుండుట మేలు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ తోకతో పేరు తీసుకొను సౌకర్యము కూడ ఉన్నది. సంతోషమే గాని, మన చీరలు కొను కలకత్తా, బొంబాయి బేరగాండ్రు తెలుగు టైపు చేయలేరు గనుక దానిని రెండవ పేరుగా మాత్రమే ఉంచుకొనవలెను.

ఇప్పుడు కుర్రవాళ్ల ప్రశ్న. ఈ వ్యాపారములో డబ్బు చేసుకొన్నవారు లేరని మేము అనము. బిజినెస్ డాట్ కామ్ అను పేరు 1997లో లక్షా యాభై వేల డాలర్లకు అమ్ముడై, 1999లో 75 లక్షల డాలర్లకు మరల అమ్ముడైనది. వాయిస్ డాట్ కామ్ 2019లో మూడు కోట్ల డాలర్లు పలికినది. కాని ఇవి ఒక్కొక్క ఇంగ్లీషు మాటతో కూడిన పేర్లు. అటువంటివి ఏనాడో అయిపోయినవి. ఇప్పుడు చిల్లరగా దొరకునవి రెండు మూడు మాటలు అతికించినవి.

మా మేనల్లుడొకడు ఇరవై ఎనిమిది పేర్లు కొన్నాడు. తగ్గింపు ధరలని మొదటి ఏడాది ఒక్కొక్కటి ఐదువందలకు దొరకినది, పద్నాలుగు వేలు అయినది. రెండవ ఏడాది తగ్గింపు లేదు. ఒక్కొక్కటి పదకొండు వందలు చొప్పున ముప్పై వేల ఎనిమిది వందలు కట్టినాడు. ఒక్కటియు అమ్ముడుపోలేదు. మూడవ ఏడాది ఇరవై ఐదింటిని వదలివేసినాడు. ఈ వ్యాపారములో ఆరితేరినవారే నూటికి ఏడాదికి ఒకటి రెండు పేర్లు అమ్ముడైన మంచిదే అని చెప్పుకొందురు. లెక్క వేసి చూడుడు: నూరు పేర్లకు వెయ్యి చొప్పున ఏటేటా లక్ష రూపాయలు కట్టవలెను. అమ్ముడైన ఆ ఒకటి రెండు పేర్ల మీదనే ఆ లక్షయు, మధ్యవర్తి కమీషనును, ఆపైన లాభమును రావలెను. నిలువ చీరను పండుగకు తగ్గించియైనా అమ్ముకొనవచ్చును. కొనువాడు ఒక్కడే ఉన్న పేరును, ఆ ఒక్కడు వద్దన్న తరువాత, తగ్గించి అమ్ముటకు వేరొకడు ఉండడు.

పేరున్న సంస్థల పేర్లు ముందే పట్టుకొని కూర్చుందమను ఆలోచన మరీ చెడ్డది. మా వాడు కొన్నవానిలో అటువంటివి నాలుగు ఉన్నవి; వానిని మేమే దగ్గరుండి వదలింపజేసినాము. 2023లో ఢిల్లీ కుర్రవాడొకడు రెండు కంపెనీలు కలియునని ఊహించి జియోహాట్‌స్టార్ డాట్ కామ్ పేరు తీసుకొన్నాడు. 2024 అక్టోబరులో తన విదేశీ చదువు ఖర్చు ఇమ్మని కోరినాడు. సంస్థవారు ఒప్పుకొనలేదని తానే ప్రకటించినాడు. తరువాత ఆ పేరు దుబాయిలోని ఇద్దరు పిల్లల చేతికి పోగా, వారు ఊరకనే ఇచ్చివేయుదుమన్నారు.

న్యాయము కూడ అటువంటి కొనుగోళ్లకు అనుకూలముగా లేదు. సత్యం ఇన్ఫోవే కంపెనీ 'సిఫీ' పేర్ల విషయమున వేసిన దావాలో, డొమైన్ పేరుకు వ్యాపారపు గుర్తుకున్న రక్షణ వర్తించునని 2004లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. కోర్టుకు పోకుండ మధ్యవర్తుల ముందు తేల్చుకొను పద్ధతి డాట్ కామ్‌కు 1999 నుండి, డాట్ ఇన్‌కు 2005 నుండి ఉన్నది. ఫిర్యాదుదారుడు చూపవలసినవి మూడు: ఆ పేరు తన పేరును లేక గుర్తును పోలియున్నదని, అవతలివానికి దానిమీద సరియైన హక్కు లేదని, దురుద్దేశముతో తీసుకొన్నాడని. గెలిచిన పేరు తిరిగి వచ్చును గాని నష్టపరిహారము రాదు. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో ఒక మధ్యవర్తితో డాట్ కామ్ విచారణకు రుసుమే 1,500 డాలర్లు. మాకు ట్రేడ్‌మార్కు నమోదు లేకుండెను. మా ఊరి పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది గాని అది ఊరందరిది, మా ఒక్క సంఘముది కాదు. అందుచేత వకీలుగారు కూడ ఉత్సాహపడలేదు.

ఎవరైనా నిజముగానే పేరు అమ్మదలచినచో, కొనదలచినచో, డబ్బు నేరుగా పంపకూడదు. సొమ్మును మధ్యవర్తి సంస్థ వద్ద ఉంచి, పేరు చేతికి వచ్చిన తరువాత విడుదల చేయు పద్ధతి ఉన్నది. బదిలీకి రిజిస్ట్రారు ఇచ్చు రహస్య సంకేతము కావలెను. దానిని ఇంటి తాళముగా చూచుకొనవలెను. డాట్ కామ్ పేరు కొత్తగా నమోదైనచో అరువది దినముల వరకు వేరొక రిజిస్ట్రారుకు మారదు. "మీ పేరుకు మంచి ధర ఇత్తుము, ముందుగా ఫలానా చోట విలువ కట్టించి సర్టిఫికెట్టు పంపుడు" అని వచ్చు ఉత్తరము మోసము. ఆ సర్టిఫికెట్టు రుసుమే వారి లాభము. "మీ పేరును చైనాలో ఎవరో నమోదు చేయుచున్నారు, వెంటనే జవాబిండు" అనునది మరియొకటి. ఇట్టివి మాకు రెండు వచ్చినవి. చింపివేయుటకు కాగితము కూడ కాదు గనుక తుడిచివేసినాము.

2021 నవంబరులో మేము డాట్ ఇన్ తోకతో కొత్త పేరు, పదేండ్లకు కట్టి, సంఘము పేరనే తీసుకొన్నాము. ఈమెయిలు సంఘముది. పాస్‌వర్డు కవరులో మూసి, అధ్యక్షుని సంతకముతో బీరువాలో ఉన్నది. రిజిస్ట్రారు వద్ద ఇచ్చిన ఫోను నంబరు మారినప్పుడెల్ల తీర్మానముల పుస్తకములో వ్రాయుచున్నాము. గడువు 2031 నవంబరు అని ఆస్తుల రిజిస్టరులో, మగ్గముల పట్టికకు క్రింద ఎర్ర సిరాతో ఎక్కించినాము. ఆడిటరుగారు చూచి, ఇదియు ఆస్తియేనా అని నవ్వినారు. మీ సంఘమునకు వెబ్‌సైటు ఉన్నచో ఈ వారమే రిజిస్ట్రారు వద్ద ఎవరి పేరున్నదో చూచుకొనుడు. వేరొకరి పేరున్నచో, ఆ మనిషి మనవాడై, మంచివాడై ఉండగానే మార్పించుకొనుడు.

పాత పెట్టెలు ఇంకను ఆరువందల వరకు మిగిలియున్నవి. వాటిమీద కొత్త పేరు చీటీలు అంటించి వాడుచున్నాము.