అవ్వ చూసిన పిల్లలకోడి

సంజామలలో ఒక అవ్వ ఉంది. ఆమెకు అరవై ఏళ్లు దాటాయి. చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు, అంకెలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. బ్యాంకు పుస్తకంలో లెక్క తానే చూసుకుంటుంది.

అవ్వ మనవడు తొమ్మిదో తరగతి. ఒకరోజు బడి నుంచి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, చుక్కలు చూడటానికి దుర్భిణి కొనిస్తావా?"

"ఎంతైతాదిరా?"

"ఫోన్లో చూసినా. వంద రెట్లు పెద్దగా కనిపిస్తాదంట. చానా చవక."

పక్కింటి ఆమె నవ్వింది. "చుక్కలు చూడటానికి డబ్బులా? ఊరికే తల ఎత్తితే కనిపించవా?" అంది.

అవ్వ దగ్గర పదిహేను రోజుల కూలి డబ్బు ఉంది. పత్తి చేన్లో నడుం వంచి సంపాదించిన డబ్బు అది. అవ్వ కాసేపు ఆలోచించింది.

"వాడు సారా అడగలేదు, సినిమా అడగలేదు. చదువు కోసం అడిగినాడు. కొనిస్తా. కానీ తెలుసుకోకుండా కొనను. రేపు మీ సైన్సు సారును అడుగుదాం పా" అంది.

రెండు అంకెల అర్థం

సారు చెప్పిన మాటలు ఇవి.

రెండు కళ్లతో చూసే దుర్భిణిని బైనాక్యులర్ అంటారు. దాని మీద రెండు అంకెలు రాసి ఉంటాయి. 7×50, 8×40, 10×50 ఇలా ఉంటాయి.

మొదటి అంకె, వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది. 8 అని ఉంటే, 800 అడుగుల దూరంలోని చింతచెట్టు 100 అడుగుల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండో అంకె, ముందున్న అద్దం వెడల్పు. దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు.

"ఈ రెండిట్లో ఏది ముఖ్యం సారూ?" అని అవ్వ అడిగింది.

"చుక్కలకు అద్దం వెడల్పు ముఖ్యం అవ్వా. వానలో చెంబు పెడితే చెంబెడు నీళ్లే పడతాయి. గంగాళం పెడితే ఎక్కువ నీళ్లు పడతాయి. అద్దం కూడా అంతే. వెడల్పయిన అద్దం ఎక్కువ వెలుతురు పడుతుంది. అప్పుడు మసక చుక్కలు కూడా కనిపిస్తాయి."

"అట్లయితే వంద రెట్లది ఇంకా మంచిది కదా సార్?" అన్నాడు మనవడు.

"కాదు. రెట్లు పెరిగితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. చుక్క నిలవదు. గంతులేస్తుంది. చేత్తో పట్టుకుని చూసేదానికి 7 నుంచి 10 రెట్లు చాలు."

తర్వాత సారు ఒక లెక్క చెప్పారు. రెండో అంకెను మొదటి అంకెతో భాగించాలి. 40ని 8తో భాగిస్తే 5. అంటే దుర్భిణిలోంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు వెలుగు కంటిలోకి వస్తుంది. 50ని 7తో భాగిస్తే సుమారు 7 వస్తుంది.

చీకట్లో మన కంటిపాప పెద్దదవుతుంది. పడుచువాళ్లకు 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. వయసు మళ్లినవాళ్లకు చాలామందికి 5 దాకానే తెరుచుకుంటుంది.

"అంటే 7×50 కొంటే నా కంటికి కొంత వెలుగు వృథానే" అంది అవ్వ.

"సరిగ్గా చెప్పినావు అవ్వా. 10×50, 8×40 ఈ రెండూ నీకు సరిపోతాయి. 10×50లో చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి. కానీ బరువు, ధర ఎక్కువ. 8×40 తేలిక. చేయి తక్కువ వణుకుతుంది."

అంగడిలో

ఆదివారం అవ్వ, మనవడు కోవెలకుంట్ల మీదుగా నంద్యాల పోయారు. ఒక అంగడిలో దుర్భిణి అడిగారు. అంగడాయన ఒక పెట్టె తీశాడు. పెట్టె మీద 100×180 అని ఉంది.

అవ్వ ఆ అంకెలు చదివింది. మనవడి సంచిలోంచి స్కేలు తీసి అద్దాన్ని కొలిచింది. వెడల్పు 25 మిల్లీమీటర్లే!

"180 అని రాసినారు. ఇది 25 ఉంది. అంకె అబద్ధం చెప్తే వస్తువు నిజం చెప్తాదా?" అంది.

ఒకవేళ అది నిజంగా వంద రెట్లదే అనుకుందాం. 25ని 100తో భాగిస్తే పావు మిల్లీమీటరు. కంటికి వచ్చే వెలుగు ఆవగింజంత కూడా ఉండదు. చుక్కలకు అది పనికిరాదు.

అంగడాయన ఇంకో రకం తీశాడు. దాని అద్దాలు ఎర్రగా మెరుస్తున్నాయి. ఎర్ర పూత చూడటానికే అందం. అది వెలుగును వెనక్కి కొట్టేస్తుంది. మంచి అద్దాలకు ఆకుపచ్చ, ఊదా రంగు పలుచని మెరుపు ఉంటుంది. రెట్లు పెంచి తగ్గించే జూమ్ రకం కూడా వద్దని సారు ముందే చెప్పారు. తక్కువ ధరలో దొరికే జూమ్ రకాల్లో బొమ్మ సరిగా నిలవదు.

చివరకు 8×40 చేతికి వచ్చింది. అవ్వ అంగడి బయటికి వచ్చి దూరంగా ఉన్న కరెంటు తీగను చూసింది. తీగ ఒక్కటే కనిపించింది. రెండుగా కనిపిస్తే లోపలి అద్దాలు పక్కకు జరిగినట్టు. అలాంటిది కొంటే తలనొప్పి వస్తుంది. అద్దాల మీద గీతలు లేవు. నడుమ ఉన్న చక్రం నున్నగా తిరిగింది. అవ్వ బేరం చేసి కొనింది. రసీదు కూడా అడిగి తీసుకుంది.

మిద్దె మీద

కార్తీక అమావాస్య దగ్గర పడింది. రాత్రి ఎనిమిదయింది. అందరూ మిద్దె ఎక్కారు. దీపాలు ఆర్పేశారు. ఫోన్లు పక్కన పెట్టారు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది.

అవ్వ మంచం మీద వెల్లకిలా పడుకుంది. మోచేతులు పక్కలకు ఆనించింది. చేయి వణకలేదు. దూరపు చూపు కళ్లద్దాలు తీసేసి, చక్రం తిప్పి చూపు సరిచేసుకుంది. తూర్పున పిల్లలకోడి ఉంది. వాటినే కృత్తికలు అంటారు. కార్తీక పౌర్ణమినాడు చంద్రుడు వీటి దగ్గర ఉంటాడు. ఆ నెలకు పేరు అట్ల వచ్చింది.

"ఉత్త కంటికి ఆరు పిల్లలే. దీంట్లో ఎన్ని ఉన్నాయిరా! ముప్పై దాకా లెక్క పెట్టినా" అంది అవ్వ.

ఆ వెలుగు మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుంది. అది బయలుదేరేనాటికి, 1565లో జరిగిన తళ్లికోట యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు అయ్యాయి.

తర్వాత వరుసగా ఉన్న మూడు చుక్కలు పైకి వచ్చాయి. కొందరు వాటిని గొల్లకావడి అంటారు. వాటి దగ్గరే ఒక మసక వెలుగు ఉంది. అక్కడ కొత్త చుక్కలు పుడుతున్నాయి.

దుర్భిణిని కదలకుండా పిట్టగోడకు ఆనిస్తే గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి గురుడి చందమామలు. ఇటలీలో గెలీలియో 1610లో వాటిని నాలుగింటిని చూశాడు. చంద్రుడి గుంతలు కూడా కనిపిస్తాయి. నిండు పున్నమి కంటే సగం చంద్రుడప్పుడు అవి బాగా తెలుస్తాయి. శని చుట్టూ ఉన్న ఉంగరం మాత్రం ఇందులో తెలియదు.

హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ నక్షత్రశాల పెట్టారు. అక్కడికి 15 అంగుళాల అద్దం ఉన్న దుర్భిణి తెప్పించారు. అది నవాబు చేయగలిగిన పని. జపాన్‌లో యూజీ హ్యకుటకే అనే ఆయన 1996 జనవరిలో పెద్ద బైనాక్యులర్‌తో ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. మార్చిలో అది ఉత్త కంటికే కనిపించింది. ఆకాశం చూసే ఓపిక ఎవరికైనా ఉండొచ్చు.

పక్కింటి ఆమె కూడా మిద్దె ఎక్కింది. "ఒక్కసారి ఇటు ఇయ్యి అక్కా" అంది. ఆ రాత్రి ఆమె తొందరగా కిందికి దిగలేదు.

జాగ్రత్త!

దుర్భిణితో సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు. ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది. గ్రహణం రోజు కూడా చూడొద్దు. పిల్లల చేతికిచ్చేటప్పుడు ఈ మాట ముందు చెప్పండి.

అద్దాలను చీర కొంగుతో తుడవకండి. దుమ్ముతో గీతలు పడతాయి. ముందు దుమ్ము ఊదేసి, మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడవండి.

లెక్క చేయండి

1. 10×50 దుర్భిణిలో 50ని 10తో భాగిస్తే ఎంత?
2. 7×35, 10×25 ఈ రెండింట్లో చుక్కలకు ఏది మేలు? ఎందుకు?

ఆలోచించండి

1. అవ్వ స్కేలుతో ఎందుకు కొలిచింది?
2. మీరు వస్తువు కొనేటప్పుడు దాని మీద ఏమేమి చదువుతారు?
3. మీ ఊళ్లో పెద్దలు చుక్కలకు ఏ పేర్లు చెబుతారు? అడిగి రాయండి.