వై = వి·ఎక్స్ ఎందుకు?

సమఘాత అవకలన సమీకరణం కనబడగానే మన విద్యార్థి చెయ్యి దానంతటదే "వై = వి·ఎక్స్ అనుకొనుము" అని రాసేస్తుంది. ఎందుకు అనుకోవాలయ్యా అంటే, "గైడులో అలాగే ఉందండీ" అంటారు. ఏటేటా క్లాసులో వినే ఈ జవాబు గురించే నా ఈ చిన్న వ్యాసం.

ఒక లెక్క తీసుకుందాం.

డీవై/డీఎక్స్ = (ఎక్స్² + వై²) / (2·ఎక్స్·వై)

లవంలో ప్రతి పదమూ రెండో ఘాతమే, హారమూ రెండో ఘాతమే. కనుక ఇది సమఘాతం. (కుడివైపు సున్నా ఉన్న రేఖీయ సమీకరణాన్నీ సమఘాతమనే అంటారు. అది వేరే సంగతి, రెంటినీ కలపకండి.)

(1, 2) బిందువు దగ్గర వాలు కట్టండి: 5/4. (2, 4) దగ్గర 20/16, అంటే మళ్ళీ 5/4. (10, 20) దగ్గరా అంతే. మూలబిందువు గుండా పోయే ఒక సరళరేఖ మీద ఎక్కడ చూసినా వాలు మారదు. అంటే వాలును నిర్ణయించేది వై/ఎక్స్ అనే నిష్పత్తి ఒక్కటే. దానికే వి అని పేరు పెట్టుకున్నాం.

వై = వి·ఎక్స్ ను అవకలనం చేస్తే వచ్చేది వి + ఎక్స్·(డీవి/డీఎక్స్). దీన్ని లెక్కలో ఉంచి సవరిస్తే,

2వి·డీవి / (1 − వి²) = డీఎక్స్ / ఎక్స్

చలరాశులు విడిపోయాయి. 1691లో లైబ్నిజ్ ఈ జాతి సమీకరణాలను సాధించింది ఈ దారినే. సమాకలనం చేసి, వి స్థానంలో వై/ఎక్స్ ఉంచితే,

ఎక్స్² − వై² = సి·ఎక్స్

చాలామంది ఇక్కడితో కలం మూసేస్తారు. కాని మధ్యలో మనం (1 − వి²) తో భాగించాం. అది సున్నా అయితే? అప్పుడు వై = ఎక్స్, వై = −ఎక్స్. సరిచూడండి, ఇవీ సాధనలే! ఇక్కడ సి = 0 అనుకుంటే రెండూ కుటుంబంలో చేరిపోతాయి.

అన్ని లెక్కల్లోనూ సి ఇలా ఆదుకోదు. డీవై/డీఎక్స్ = వై/ఎక్స్ + (వై/ఎక్స్)² చేసి చూడండి. వి² తో భాగించినప్పుడు జారిపోయిన వై = 0 అనే సాధన, సి కి ఏ విలువ ఇచ్చినా తిరిగి రాదు. దాన్ని విడిగా రాయవలసిందే. భాగించే ముందు "ఇది సున్నా అయితే?" అని అడగడం అందుకే అవసరం.

చివరగా మీకొక లెక్క: డీవై/డీఎక్స్ = (వై² − ఎక్స్²) / (2·ఎక్స్·వై). మూలబిందువు గుండా పోయే వృత్తాలు వస్తాయి. ఇక్కడ జారిపోయే సరళరేఖ ఏదైనా ఉందో లేదో మీరే తేల్చండి.