చదివి వినిపించు బిడ్డా

బిడ్డా,

భూమి దరఖాస్తుకు నువ్వు గీసిన స్క్రీన్లల్ల తప్పేం లేదు. తెలుగు పెట్టినవు, అక్షరాలు పెద్దగ చేసినవు. అయినా రైతులు ఇంట్ల కూసొని దరఖాస్తు పెట్టుకోక మీసేవకే పోతున్నరేందని దిగులుపడుతున్నవు. పోనీయి. చొప్పదండిలనో బోథ్‌లనో ఒక పూట ఆ కౌంటర్ కాడ కూసొని చూడు. కంప్యూటర్ ఆపరేటర్ దిక్కుంటది, రైతు దాని వెనుక నిలబడ్తడు. సర్వే నంబరుల ఒక అంకె అటిటు పడ్డా ఆయనకు కనబడది. ఓటీపీ పోయేది దుబాయిల ఉన్న కొడుకు ఫోన్‌కు. మీట నొక్కేది ఒకరు, భూమి ఇంకొకరిది. ఇద్దరికీ పనికొచ్చేటట్టు గీయాలె.

భూముల రికార్డుల పోర్టల్ ధరణి సంగతి రెండు లైన్లల్ల తేల్చేసినవు, నాకు కోపమొచ్చింది. 2020 అక్టోబర్ 29న మొదలైనప్పుడు తహసీల్దార్ ఆఫీసులనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్కసారే అయినయి, అది మేలే. గోసంతా పాసుబుక్కుల తప్పు పడ్డోళ్లది. 33 మాడ్యూళ్లల్ల తమ సమస్య దేని కిందికొస్తదో ఎవరికెరుక? సవరించే అధికారం కలెక్టర్ దగ్గరనే ఉండె. 2024ల అది కొంత తహసీల్దార్లకు, ఆర్డీవోలకు దిగింది. 2025 ఏప్రిల్ 14న ధరణి జాగల భూభారతి వచ్చింది, మాడ్యూళ్లు ఆరయినయి. వరుస చూడు: అధికారం దిగినంకనే స్క్రీన్ తేలికైంది. ఫారం గీసే ముందు ఫైలు ఎవరి టేబుల్ మీదికి పోతదో అడగాలె గదా, నువ్వు అడగనే లేదు.

ఇగ నేను ఎప్పుడూ చెప్పేదే. వెనుకట దస్తావేజు రాసేటాయన రాసిందంత చదివి వినిపించి, విన్నోడు ఔనన్నంకనే వేలిముద్ర ఏపిచ్చేది. నీ సబ్మిట్ బటన్ ముందు ఆ చదువుడేది? పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం గట్టిగ వినిపించాలె. ఉట్నూరు దిక్కయితే గోండిల, కొలామిల గూడ. పాసుబుక్కుల 2.10 అంటే రెండెకరాల పది గుంటలు. ఎకరానికి 40 గుంటలు. దాన్ని నీ కంప్యూటర్ రెండు పాయింట్ ఒకటి అని చదివితే పది గుంటలు ఎటుపాయెనని రైతు గుండె పట్టుకుంటడు. కౌంటర్ కాడ గోలలో వినబడదంటవా? పెట్రోల్ బంకుల మీటర్ లెక్క ఒక చిన్న స్క్రీన్ ఆయన దిక్కు తిప్పి పెట్టుమను.

రంగులు తర్వాత చూద్దాం. దరఖాస్తు తిరస్కరిస్తే రైతుకు పోయే మెసేజ్‌లన్నీ తెలుగుల రాసి ముందు నాకు పంపు. ఏ కాగితం తక్కువైంది, ఎవర్ని కలవాలె, ఎన్నొద్దులల్ల, అన్నీ ఉండాలె. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని ఒక్కటి కనబడ్డా తిప్పి పంపుత.

మీ పెద్దబాపు