కలలో కొట్లాట, పక్కవారికి దెబ్బలు

ప్రశ్న: మావారికి 62 ఏళ్లు. ఏడాదిగా తెల్లవారుజామున నిద్రలోనే కేకలు వేస్తూ చేతులూ కాళ్లూ విసురుతున్నారు. మొన్న నా ముఖానికి దెబ్బ తగిలింది. లేపితే కుక్క తరిమినట్టు కలొచ్చిందన్నారు. అత్తయ్య గాలి సోకిందంటున్నారు. ఏం చేయాలి?
– ఓ సోదరి, తెనాలి

జవాబు: ఇది గాలీ కాదమ్మా, మీ మీద కోపమూ కాదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో మెదడు మన కండరాలను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలితే కలలో చేసే పనే ఒంటితోనూ చేస్తారు. ఆ దశ రాత్రి రెండో సగంలో ఎక్కువ, అందుకే తెల్లవారుజామున ఇలా జరుగుతోంది. దీన్ని 1986లో అమెరికా వైద్యులు ప్రత్యేక జబ్బుగా గుర్తించారు. యాభై దాటిన మగవారిలో ఎక్కువ.

ఈ రాత్రి నుంచే మీరు వేరే మంచం మీద పడుకోండి. ఇందులో నొచ్చుకోవలసిందేమీ లేదు. ఆయన పరుపు నేల మీద వేయండి, గాజు సామాను, పదునైన వస్తువులు దూరంగా పెట్టండి. కేకలు వేస్తుంటే పట్టుకోకండి, దూరం నుంచే పిలవండి. కొన్ని డిప్రెషన్ మందుల వల్లా ఇలా కావచ్చు. అయినా సొంతంగా ఆపవద్దు.

న్యూరాలజిస్టును తప్పకుండా కలవండి. ఫోనులో తీసిన వీడియో చూపించండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతుంటే అదీ చెప్పండి. రాత్రంతా చేసే నిద్ర పరీక్షలో జబ్బు నిర్ధారణ అవుతుంది. అదుపు చేసే మందులున్నాయి. ఈ లక్షణం కొందరిలో పార్కిన్సన్స్‌కు ఏళ్ల ముందే కనిపిస్తుంది. చేయి వణకడం, నడక మందగించడం, వాసన తెలియకపోవడం, మతిమరుపు ఉంటే ఆలస్యం చేయకండి. తలకు దెబ్బ తగిలితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.